తిరుపతి ముంగిట శిలోద్యానము

తిరుపతి నుండి తిరుమలకు ఎక్కు ఘాట్ రోడ్డులో, దారి కొరకు కొండను నిలువునా కోసిన ఒకానొక చోట, రాతిగోడపై అడ్డముగా సాగిన ఒక రేఖ కనబడును. ఆ రేఖకు దిగువ నున్నది గ్రానైటు. భూగర్భమున కరగియున్న శిలాద్రవము సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట మెల్లగా చల్లబడి ఘనీభవించినది. ఎగువ నున్నది నగరి క్వార్ట్జైటు. ప్రాచీన జలతీరమున పొరలు పొరలుగా పేరుకొన్న ఇసుక, తనపైబడిన పొరల భారమునకు బిగిసి, రేణువునకు రేణువు అతుకుకొని శిలయైనది. రెంటికిని నడుమ దాదాపు 80 కోట్ల సంవత్సరముల అంతరమున్నది. ఆ కాలమున ఏర్పడిన శిలలేవైనను ఉన్నచో అవి అరిగి కొట్టుకొనిపోయినవి, మిగిలినది ఆ ఒక్క రేఖయే. ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ యని భూవిజ్ఞానులు వ్యవహరించు ఈ స్థలమును భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ స్మారకముగా గుర్తించినది.

ఇంటి తోటను గూర్చిన అధ్యాయమును కొండరాతితో ఆరంభించుట వింతగా తోచవచ్చును. కాని జపాను దేశపు తోటమాలి పని ఆరంభమగునది అచ్చముగా ఇచ్చటనే. మనము తోట యనగానే మొక్కను తలంతుము; అతడు మొదట రాతిని, రాతి తరువాత నీటి నడకను, ఆ రెంటికిని తగిన చోటు కుదిరిన పిమ్మట మొక్కను తలంచును. పదకొండవ శతాబ్దమున జపానులో వెలసిన సకుతేయికి అను ఉద్యానశాస్త్ర గ్రంథము అధికభాగము శిలాస్థాపనమును, జలప్రవాహమును గూర్చియే విచారించినది. తోట వేయువాడు తన ఇచ్ఛను రాతిపై రుద్దక, రాతి స్వభావమునకు తాను లోబడవలెనన్నది అందలి ప్రధానాభిప్రాయము. ఆ సూత్రమును చిత్తశుద్ధితో పాటించినచో తిరుపతిలోనో చిత్తూరులోనో వేసిన జపాను తోట క్యోటో నగరపు తోటను పోలియుండజాలదు. శేషాచలపు రాతిని, రాయలసీమ ఎండను, ఈశాన్య ఋతుపవనపు కుండపోతను పోలియుండును. తక్కువ శ్రమతో నిలుచు తోటకు రహస్యము కూడ అదియే యని నా దృఢవిశ్వాసము. తనదికాని వాతావరణములో ఉంచబడిన తోట నిత్యము మన చేతి నీటిని, చేతి నీడను, చేతి ఎరువును యాచించుచునే యుండును.

జపాను తోట యనినంతనే చాలమందికి స్ఫురించునది పచ్చని నాచు. క్యోటోలోని సైహోజి ఆలయపు నాచుతోట జగత్ప్రసిద్ధము. అందు నూటికి పైగా నాచు జాతులు నేలను తివాసివలె కప్పియున్నవి. 1339వ సంవత్సరమున ఆ తోటను తీర్చిదిద్దిన ముసో సొసెకి అను బౌద్ధాచార్యుడు నాచును నాటలేదు. శతాబ్దములు గడచి, ఆలయమునకు ఆదాయము సన్నగిల్లి, తోటను సంరక్షించు దిక్కు లేనపుడు, ఆ లోయలోని తేమయు నీడయు కలసి నాచును తమంతట తాము పరచినవి. అనగా లోకము నేడు చేతులెత్తి మ్రొక్కు ఆ సౌందర్యము అచ్చటి వాతావరణము చేసిన పని. మానవుడు దానిని తరువాత గుర్తించి కాపాడుచున్నాడు. నాచుమొక్కకు నిజమైన వేళ్లు లేవు. దాని ఆకు పెక్కుచోట్ల ఒకే కణము మందమున్నది. గాలిలోని తేమను, పైబడిన చినుకును ఆ పలుచని ఆకుతోనే పీల్చుకొని, గాలి ఎండినపుడు తానును ఎండి, ప్రాణము పోక నిద్రించును. తిరుపతిలో కార్తీకమాసపు వానలకు ప్రహరీగోడల మీద పచ్చగా మెరసి, శివరాత్రి నాటికి నల్లని పొడిగా మారు పాచిలో కొంత ఈ జాతిదే. క్యోటోలో ఏడాదికి సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన, అన్ని ఋతువులలోను విస్తరించి కురియును. పూర్వపు చిత్తూరు జిల్లాలో 900 మిల్లీమీటర్లకు కొంచెము పైన మాత్రమే, అదియు కొన్ని నెలలలోనే కురియును. మే నెలలో 40 డిగ్రీలు దాటు ఎండలో నాచును పచ్చగా నిలుపదలచుట ఆ ప్రాణిని హింసించుటయే.

కొలను విషయమును అంతే. వేసవిలో దినమునకు 8 మిల్లీమీటర్ల నీరు ఆవిరియగునని లెక్కించినను, 10 చదరపు మీటర్ల చిన్న కొలనునుండి ప్రతిదినము 80 లీటర్లు గాలిలో కలసిపోవును. ట్యాంకరు కొరకు వీధివారందరు బిందెలతో ఎదురుచూచు ఊరిలో ఆ నీటిని చేపల కొరకు పోయుట నాకు సమ్మతము కాదు. కాగా జపాను వారే నీరు లేని తోటను కూడ కనిపెట్టిరి. కరేసాన్సుయి అని పిలువబడు ఆ శైలిలో కంకరయే సముద్రము, నిలిపిన రాళ్లే ద్వీపములు. క్యోటోలోని ర్యోఆంజి ఆలయమున సుమారు 250 చదరపు మీటర్ల దీర్ఘచతురస్రములో తెల్లని కంకరపై 15 రాళ్లు ఐదు గుంపులుగా అమరియున్నవి. వసారాలో ఎచ్చట కూర్చున్నను వానిలో ఒకటియైనను చాటుననే యుండును. రాళ్ల పాదములనంటిన కొద్దిపాటి నాచు తప్ప అందు మొక్క లేదు. మన సీమకు ఆదర్శము ఇదియే.

ఇచ్చట ఒక సాదృశ్యమును పాఠకులు గమనింపవలెను. క్యోటో తోటలలో పరచు ప్రసిద్ధమైన షిరకవ కంకర, ఆ నగరపు ఈశాన్యమున నున్న కొండల గ్రానైటు శిథిలమై ఏటివెంట కొట్టుకొనివచ్చిన రేణువే. గ్రానైటులో క్వార్ట్జు, ఫెల్డ్‌స్పార్, అభ్రకము అను మూడు ఖనిజములు ముఖ్యముగా నున్నవి. వాననీటిలో కరగియున్న బొగ్గుపులుసు వాయువు ఫెల్డ్‌స్పార్‌ను మెల్లగా బంకమన్నుగా మార్చగా, రాతి కట్టు సడలి, క్వార్ట్జు రేణువులు విడివడి రాలును. చిత్తూరు, పలమనేరు, పీలేరు ప్రాంతములలో గుట్టల మీద ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న గుండ్లును, వాని పాదమున పరచుకొన్న గరుసునేలయు ఈ క్రియ ఫలితములే. రాతి మూలలకు రెండు మూడు వైపుల నుండి నీటితాకిడి గలదు గనుక మూలలు ముందుగా అరిగి, చదరపు బండ కాలక్రమమున గుండ్రని గుండగును. కావున జపాను తోటకు కావలసిన రాయియు, కంకరయు చిత్తూరు సీమకు పరాయివి కావు. రెండు దేశముల కొండలను ఒకే రసాయనము అరుగదీసినది.

శేషాచలపు క్వార్ట్జైటు స్వభావము వేరు. అది దాదాపు అంతయు క్వార్ట్జే గనుక రసాయనికముగా కరగదు. పగుళ్ల వెంట విరుగును. తిరుమల ఆలయమునకు ఉత్తరమున, సుమారు కిలోమీటరు దూరమున నున్న శిలాతోరణము, 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల సహజమైన రాతివంపు, ఆ విధముగానే ఏర్పడినది. బలహీనమైన పొరలు రాలిపోగా దృఢమైన పొర వంతెనవలె నిలిచినది. తోటలో రాళ్లు నిలుపగోరువారు ఒకసారి దాని యెదుట నిదానముగా నిలువవలెను. పొరలన్నియు ఒకే దిశకు వాలియుండుట, పగుళ్లు ఒకదానికొకటి సమాంతరముగా నుండుట చూచినచో, మన ముంగిట మూడు రాళ్లు నిలిపినపుడు వాని పొరలు మూడు దిక్కులకు చూచుచుండుట ఎందులకు కృత్రిమముగా తోచునో తెలియును. ప్రకృతిలో ఒకే కొండనుండి తేలిన రాళ్ల పొరలు ఒకే వాలున నుండును. తోటలో కూడ అట్లే యుండవలెను. గుండ్రని గ్రానైటు గుండ్లను, పలకలైన క్వార్ట్జైటును ఒకే గుంపులో కలుపరాదు.

కాని ఈ రాళ్లను కొండనుండి తెచ్చుకొనరాదని ఇంతకంటె గట్టిగా చెప్పవలసియున్నది. శేషాచలము 1989లో జాతీయోద్యానముగాను, 2010లో జీవావరణ రక్షిత ప్రదేశముగాను ప్రకటింపబడినది. అందలి రాయియైనను మొక్కయైనను మన తోటకు సొత్తు కాదు. చిత్తూరు జిల్లాలో గ్రానైటు క్వారీలకు, పాలిషింగు యూనిట్లకు కొదవ లేదు; పలకలకు పనికిరాదని ప్రక్కన పడవేసిన వంకరరాళ్లే మనకు కావలసినవి, వాని ధరలో ముఖ్యభాగము బండి బాడుగయే. కొనుటకు ముందు బరువును లెక్కింపవలెను. ప్రతి వైపు 60 సెంటీమీటర్లున్న గ్రానైటు దిమ్మె దాదాపు 580 కిలోగ్రాములు తూగును; నలుగురు మనుష్యులు గడ్డపారలతో దొర్లింపగలరేమో గాని నిలబెట్టజాలరు. ముక్కాలి కట్టి చైన్ పుల్లీతో దింపుట సురక్షితము. రాతి ఎత్తులో మూడవవంతైనను భూమిలో పాతవలెను. అట్లు పాతిన రాయి గురుత్వకేంద్రము దిగువకు చేరి పిల్లలు ఎక్కినను ఒరగదు. అంతేగాక అది భూమిలోనుండి పైకి తేలిన కొండకొమ్మువలె కనబడును. రాతిపై తెల్లగానో, బూడిదవన్నెగానో అంటియున్న మచ్చలను బ్రష్షుతో తోమి పోగొట్టువారు కలరు. దయచేసి అట్లు చేయకుడు. అవి లైకెన్లు, శిలీంధ్రమును శైవలమును కలసి కాపురముండు ప్రాణులు. మన వంటింటి మసాలాలోని రాతిపువ్వు కూడ వానిలో ఒకటియే. వేలిగోరంత మచ్చ పెరుగుటకు ఏండ్లు పట్టును.

ఇక కంకర. తోటలో శ్రమను తగ్గించునది దీనిని మించి మరియొకటి లేదు, అందలి భౌతికశాస్త్రము మిక్కిలి సొగసైనది. నేలలోని నీరు రేణువుల నడుమ నుండు సన్నని సందులగుండ, దీపపు వత్తిలో నూనెవలె, తనంత తాను పైకి ప్రాకి, పైపొరను చేరి ఆవిరియగును. సందు ఎంత సన్ననైన నీరు అంత ఎత్తునకు ప్రాకును; బంకమట్టిలో మీటర్ల కొలది ప్రాకగలదు, కంకరలో కొలది మిల్లీమీటర్లకు మించదు. కాబట్టి నేలపై 5 నుండి 7 సెంటీమీటర్ల మందమున కంకర పరచినచో నీటి మార్గము అచ్చట తెగిపోవును. పైన కంకర నిప్పువలె కాలుచున్నను దాని క్రింది మన్ను మే నెలలో సైతము చేతికి చల్లగా, చెమ్మగా తగులును. రాయలసీమ గరుసునేలల మెట్టరైతులు చేలోని చిన్నరాళ్లను పూర్తిగా ఏరివేయకుండుటలో ఈ అనుభవమే యున్నదని నేను తలంతును.

రంగును గూర్చి ఒక హెచ్చరిక. క్యోటోలోని మెత్తని వెలుతురులో తెల్లకంకర వెన్నెలవలె నుండును. తిరుపతి మధ్యాహ్నమున అదే తెలుపు కిరణములను గోడల మీదికి, కిటికీల మీదికి తిప్పికొట్టి కన్నులు మిరుమిట్లు గొలుపును. నల్లకంకరయైనచో వేడిని మ్రింగి, రాత్రి పొద్దుపోవువరకు పడకగది వైపు వెడలగ్రక్కును. బూడిదవన్నెయో, లేత గోధుమవన్నెయో మనకు మేలు. క్రషర్లలో బేబీ చిప్స్ అని అమ్ము సన్నకంకర దీనికి చక్కగా సరిపోవును. ఒకసారి నీటితో కడిగి రాతిపొడిని వదిలించినచో చాలును. నది గులకరాళ్ల కంటె ఇది మేలగుటకు కారణమున్నది. నునుపైన గుండ్రాళ్ల కుప్ప సుమారు 30 డిగ్రీల వాలు దాటగనే జారిపోవును. కోణములున్న రేణువులు ఒకదానికొకటి పట్టుకొని అంతకు మించిన వాలున కూడ నిలుచును. పండ్లదంతెతో గీసిన తరంగరేఖలు వానకు గాలికి కొన్నాళ్లైనను చెదరకుండవలెనన్న ఈ పట్టు అవసరము. రేఖలు గీయుట పెద్ద శ్రమయగునని జంకువారికి ఒక మాట చెప్పవలెను: తెల్లవారుజామున కళ్లాపి చల్లి ముంగిట ముగ్గు తీర్చు ఇల్లాలి చేతికి ఈ విద్య క్రొత్తది కాదు, పైగా ఇది ప్రతిదినము చేయవలసినదియు కాదు.

నీరు లేని తోటయన్నను నీటిని మరచిన తోట కారాదు. 2021 నవంబరు నడిమి వానలకు స్వర్ణముఖి పొంగి, తిరుపతి వీధులు ఏరులై, ఘాట్ రోడ్డుపై కొండచరియలు విరిగిపడిన సంగతిని ఈ ప్రాంతమువారు మరువలేరు. జపాను తోటలలో ఎండిన యేరు అను ఒక రచన కలదు. గులకరాళ్లను వంకరగా పరచి ప్రవాహమును స్ఫురింపజేయుదురు. మన తోటలో దీనిని అలంకారముగా గాక నిజమైన కాలువగా నిర్మింపవలెనని నా సలహా. లెక్క సులభమే. 100 చదరపు మీటర్ల మిద్దెపై 10 మిల్లీమీటర్ల వాన కురిసిన 1,000 లీటర్ల నీరు దిగును. ఏడాది మొత్తమునకు 900 మిల్లీమీటర్లనిన 90,000 లీటర్లు. మిద్దె గొట్టమును ఆ రాతియేటి తలకు కలిపి, నూరడుగులకు ఒకటి రెండడుగుల వాలుతో నడిపి, ఇంటి పునాదికి కనీసము 3 మీటర్ల దూరమున త్రవ్విన ఇంకుడుగుంతలో దింపవలెను. ప్రవాహము మలుపు తిరుగుచోట వెలుపలి ఒడ్డున పెద్దరాళ్లు, లోపలి ఒడ్డున సన్నకంకర ఉండవలెను. మలుపున వెలుపలి నీరు వేగముగాను, లోపలి నీరు మందముగాను నడుచుటచేత నిజమైన యేరు తన రాళ్లను అట్లే పేర్చుకొనును. ఏడాదిలో పదినెలలు ఎండియున్న స్వర్ణముఖిలోనో, కల్యాణి వాగులోనో దిగి పరిశీలించినచో ఈ అమరిక స్పష్టముగా కనబడును. జపాను గ్రంథములను చదువుట కంటె అది ఉత్తమమైన పాఠము.

మొక్కలు కొద్దిగానే చాలును. వానిలో ముందుగా సైకస్‌ను గూర్చి చెప్పుటకు నాకు మక్కువ. క్యోటోలోని కత్సుర రాజభవనపు తోటలో దక్షిణ ద్వీపములనుండి తెచ్చిన సైకస్ రెవొల్యూట చెట్లకు ప్రత్యేకముగా ఒక దిబ్బయే కలదు. చలికాలమున వానికి గడ్డితో చొక్కాలు తొడిగి కాపాడుదురు. ఆ కష్టము మనకు లేదు, మన యెండ దానికి హితమే. దాని దాయాది యొకటి శేషాచలముననే పుట్టి, తూర్పుకనుమల ఈ కొండలలో తప్ప లోకమున మరెచ్చటను సహజముగా పెరుగకున్నది: అదియే సైకస్ బెడ్డోమి, స్థానికుల పేరీత. డైనోసారుల కాలము నాటి వంశమునకు చెందిన ఈ మొక్క కొండవాలుల కార్చిచ్చులో ఆకులు మాడినను మొదలునుండి మరల చిగుర్చును. మందుల కొరకు మగకంకులను కోయుట మున్నగు కారణములచే ఇది ప్రమాదములో పడినది. అంతర్జాతీయ వ్యాపారమును కఠినముగా నియంత్రించు సైటిస్ ఒడంబడిక మొదటి అనుబంధములో దీనికి స్థానమున్నది. కొండనుండి పెకలించిన పేరీతను ఎవరు అమ్మజూపినను కొనరాదు. కడియము నర్సరీలలో పెంచి అమ్ము రెవొల్యూటయే మనకు చాలును. సైకస్ వేళ్లలో కొన్ని పగడపు కొమ్మలవలె పైకి ముడుచుకొని, తమలో నీలిహరిత సూక్ష్మజీవులకు ఆశ్రయమిచ్చును; అవి గాలిలోని నత్రజనిని చెట్టునకు ఆహారముగా మార్చును. ఎరువు ఇంచుమించు అక్కరలేకుండుటకు కారణమిదియే. దాని గింజలు మాత్రము విషము. పసిపిల్లలు, కుక్కలు తిరుగు ఇండ్లలో కాయగానే తీసివేయవలెను.

దానికి తోడుగా అల్లిచెట్టు ఒకటి, ముదురుపచ్చని దళసరి ఆకులతో, కొమ్మలనంటి పూయు నీలిపూలతో, మెల్లగా పెరుగుచు, కత్తిరింపునకు లొంగియుండును. యేటి ఒడ్డున వట్టివేరు దుబ్బులు నాలుగు నాటిన, వాని వేళ్లు నిలువుగా మీటర్ల లోతునకు దిగి మన్నును బిగించును. ఎర్రచందనమును తోటలో పెంచగోరువారు ఉన్నారు. ఆకురాల్చు చెట్టగుటచే కంకరకు దూరముగా, ప్రహరీ మూలయే దానికి తగిన చోటు. జపాను వారి షామిసెన్ అను మూడు తంత్రుల వీణియకు శ్రేష్ఠమైన దండిని ఈ శేషాచలపు చేవతోనే చేయుదురని తెలిసినపుడు ఆ దూరదేశముతో మన కొండకు గల బంధుత్వము మరికొంత చేరువగా తోచును. వేప, కానుగ వంటి చెట్ల క్రింద మాత్రము కంకరతోట వేయరాదు. రాలిన ఆకు సందులలో చివికి మన్నై, గాలిలో వచ్చు ప్రతి విత్తునకును పాన్పగును. ఇక పూజకు పూలు కావలె గదా యని ఇంటివారు అడుగుదురు, అడుగుట న్యాయమే. రామానుజుల ఆజ్ఞచే అనంతాళ్వాన్ తిరుమలలో పూలతోట వేసి, దానికై చెరువు త్రవ్విన గాథ పుట్టిన నేల ఇది. బావి చెంతనో, స్నానపుగది నీరు పారుచోటనో మల్లెకు, తులసికి, కనకాంబరమునకు ఒక మడి విడువవలెను. శిలోద్యానము ఆ మడిని తొలగించుటకు వచ్చినది కాదు.

జపాను తోటలో చేతులు కడుగుకొనుటకు తొలిచిన రాతితొట్టి యొకటి యుండును. మిక్సీలు వచ్చిన పిదప పెరటిమూల పడియున్న రోలు మన ఇండ్లలో ఆ స్థానమునకు సర్వవిధముల అర్హమైనది. విడిపోయిన తిరగలి రాళ్లు అడుగుబండలగును. ఇది మనము చేసుకొన్న సర్దుబాటు కాదు. పాత తిరగలిరాళ్లను, కూలిన కట్టడముల పునాదిరాళ్లను తోటలో మరల నియోగించుట అచ్చటి ఆచారమే. 1939లో షిగెమొరి మిరెయి అను ఉద్యానశిల్పి తోఫుకుజి ఆలయమున అట్టి పాత స్తంభముల పీఠములనే ఏడింటిని నిలిపి సప్తర్షి మండలమును రచించెను. రోటిలోని నీటిని మాత్రము వారమునకొకసారి యైనను పూర్తిగా పారబోసి తుడువవలెను, వేసవి వెచ్చదనమున దోమ గ్రుడ్డు వారము పదిదినములలో రెక్కల దోమయగును గనుక.

సంరక్షణ లేని తోట యనునది లేదు. శ్రమ ఎప్పుడు చేయవలెనో ఎరిగినచో అది స్వల్పమగును. మొదటి శ్రమ తుంగ మీద. దాని గడ్డలు నేలలో గొలుసుగా సాగి, మొన సూదివలె ప్లాస్టిక్ పట్టను సైతము పొడుచుకొని వచ్చును. కాబట్టి కంకర పరచుటకు ముందే నేలను పారతో తిరుగవేసి గడ్డలను ఏరి, రెండు మూడు వారములు తడిపి, మొలచిన దానిని మరల పెకలింపవలెను. ఇది చేయక పట్టమీద పట్ట పరచినను ప్రయోజనము లేదు. రెండవది నాటిన మొదటి వేసవి: మొక్కలకు వారమునకు రెండుసార్లు కొద్దికొద్దిగా గాక, ఒకసారి లోతుగా నీరు పెట్టినచో వేళ్లు క్రిందికి దిగును, రెండవ వేసవికి పక్షమునకొకసారి చాలును, మూడవ వేసవికి అల్లియు సైకసును తమంత తాము నిలుచును. మూడవది సెప్టెంబరు నెల పని. ఈశాన్యపు వానలకు ముందే ఇంకుడుగుంతపై పేరుకొన్న ఒండ్రును తీసివేసి, రాతియేటి తలయొద్ద ఆకు అలము అడ్డుపడకుండ చూచి, ఒక బక్కెట్టెడు నీరు పోసి అది తుదివరకు నడచుచున్నదో లేదో పరీక్షింపవలెను. నడువనిచోట వాలు తప్పినదన్నమాట. ఆ రెండు రాళ్లను లేపి, అడుగున మొరము నింపి, మరల కూర్చుండబెట్టుటకు ఒక ఉదయము చాలును.